చెరుకులో రెల్లు



పోయిన నెల ఒక ఆదివారం, గుడిలో తెలుగు తరగతి ముగించి కారు ఎక్కుతుంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పొలం అమ్మేద్దామా? ఇళ్ళు కట్టేవాళ్ళు మళ్ళీ వచ్చి అడిగారు" అన్నాడు. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి అన్నం తిని, ఈ శీర్షిక కోసం పక్కన పెట్టుకున్న కాగితాలు ముందేసుకున్నాను. ఈసారి చదవాలని తీసి పెట్టినవి మూడు. ఒకటి తవ్వకాల మీద, ఒకటి మొక్కల జన్యువుల మీద, ఒకటి కరెంటు మీద. చదువుతూ పోతే మూడూ మా పొలం గురించే మాట్లాడుతున్నట్టు అనిపించింది. అందుకని ఈ నెల మూడూ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా పొలం టోంగాట్ నుంచి సముద్రానికి ఎదురు దిక్కున, లోపలికి పోయే దారిలో ఉంది. 9 హెక్టార్లు, అంతా చెరుకే. మా ముత్తాత మద్రాసులో ఓడ ఎక్కి ఇక్కడ ఐదేళ్ళ ఒప్పందం మీద చెరుకు కొట్టినవాడు. ఆయన కొడుకు, అంటే మా తాత, పైసా పైసా కూడబెట్టి ఆ నేల కొన్నాడు. ఇలాంటి కథ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అందుకని దాన్ని సాగదీయను.

ముందు తవ్వకాల సంగతి. మా పొలం దారిలోనే ఇంకా ముందుకు పోతే ఉతోంగాతి నది పక్కన ఒక కొండచరియ, దాని కింద గుహ లాంటి చోటు ఉన్నాయి. పేరు సిబుడు. డర్బన్‌కు ఉత్తరంగా 40 కిలోమీటర్లు, సముద్రం నుంచి 15 కిలోమీటర్లు. చుట్టూ చెరుకే. చిన్నప్పుడు మేము ఆ పక్కగా ఎన్నిసార్లు పోయామో. అక్కడ ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్ళకూ తెలియదు. 1998 నుంచి విట్‌వాటర్‌స్రాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ వాడ్లీ అనే ఆచార్యురాలు అక్కడ పొర పొరగా తవ్వుతూ వచ్చారు. 2011 తరువాత జర్మనీలోని ట్యూబింగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ పని అందుకున్నారు.

దొరికినవాటిలో రాతి ములుకులు, ఎముక ములుకులు, చెట్టు జిగురులో ఎర్రమట్టి కలిపి చేసిన బంక గుర్తులు ఉన్నాయి. అవన్నీ గొప్పవే. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది ఒక పరుపు. 2011 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో దాని గురించి వచ్చింది. 77,000 ఏళ్ళ కింద అక్కడ ఉన్నవాళ్ళు నది ఒడ్డు నుంచి తుంగ జాతి గడ్డి తెచ్చి పరిచేవాళ్ళు. దాని మీద ఒక చెట్టు ఆకులు పరిచేవాళ్ళు. ఆ చెట్టు మన దాల్చినచెక్క చెట్టుకు చుట్టం. దాని ఆకుల్లో దోమలను, పురుగులను దూరంగా ఉంచే గుణం ఉంది. 73,000 ఏళ్ళ నాటి పొరల నుంచి చూస్తే, పాత పరుపును అప్పుడప్పుడు తగలబెట్టి, ఆ బూడిద మీదే కొత్తది పరిచినట్టు తెలుస్తోంది. చోటు శుభ్రం చేసుకోవడానికన్న మాట.

తుంగ అన్న మాట చదవగానే మా అవ్వ గుర్తుకొచ్చింది. ఆమె మంచం మీద పడుకునేది కాదు. జులూ అమ్మలు అల్లి సంతలో అమ్మే చాప కొని దాని మీద పడుకునేది, దాన్ని తుంగచాప అనే పిలిచేది. మినప్పప్పు డబ్బాలో వేపాకు వేసేది. విత్తనాలకు బూడిద పట్టించేది. ఇదంతా ఊళ్ళో నుంచి తెచ్చుకున్న తెలివి అని మేము అనుకునేవాళ్ళం. కాదని ఇప్పుడూ అనను. ఆకు, బూడిద, తుంగ కలిపితే నిద్ర బాగా పడుతుందని మా పొలం అవతలి కొండ కింద ఎవరో 77,000 ఏళ్ళ కిందటే కనిపెట్టారని మాత్రం ఇప్పుడు తెలిసింది. ఇంకా ఉత్తరాన, ఎస్వాతిని సరిహద్దులోని బోర్డర్ కేవ్‌లో దాదాపు 200,000 ఏళ్ళ నాటి గడ్డి పరుపు బూడిద మీద పరిచి దొరికిందని 2020లో అదే పత్రికలో వచ్చింది.

2024 జూలైలో సిబుడును ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. ఆ సమావేశం జరిగింది న్యూఢిల్లీలో. మన టోంగాట్ గుహకు ఢిల్లీలో పట్టాభిషేకం జరిగిందని నేను తరగతిలో చెబితే పిల్లలు నవ్వారు. అది ఇష్టమొచ్చినప్పుడు పోయి చూసే చోటు కాదు, గుర్తుంచుకోండి. కాలు పెడితే చెరిగిపోయే పొరలు అవి.

నేల కింద సంగతి అది. ఇక నేల మీద నిలబడి ఉన్న చెరుకు సంగతికి వస్తాను. నిజానికి ఈ నెల నేను చెప్పాలనుకున్నది ఇదే.

2024 మార్చిలో 'నేచర్' పత్రికలో చెరుకు జన్యుపటం పూర్తిగా వచ్చింది. గోధుమ, వరి, మొక్కజొన్న ఎప్పుడో అయిపోయాయి. పెద్ద పంటల్లో చెరుకు ఒక్కటే వెనకపడింది. కారణం అది మహా చిక్కు మొక్క. మనిషిలో ప్రతి క్రోమోజోముకు రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. చెరుకులో ఒక్కోదానికి దాదాపు 12 ప్రతులు. వాళ్ళు చదివిన రకం ఆర్ 570, మనకు అవతల సముద్రంలో ఉన్న రీయూనియన్ దీవిలో పుట్టింది. అందులో 114 క్రోమోజోములు, 870 కోట్ల అక్షరాలు. మనిషి డి.ఎన్.ఎ. ఒక వరుస తీసుకుంటే 300 కోట్లే. అచ్చు ఒకేలా ఉండే 12 పుస్తకాలను చింపి, కలిపి, మళ్ళీ ఏ ముక్క ఏ పుస్తకానిదో చూసి అతికించమంటే ఎలా ఉంటుంది? అమెరికా, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా, ఇంకా ఇతర దేశాల వాళ్ళు కలిసి చేస్తే పదేళ్ళకు పైగా పట్టింది. తుప్పు తెగులును తట్టుకునే గుణం ఆ రకంలో ఎక్కడ దాగి ఉందో కూడా దీనితో చేతికి చిక్కింది.

ఆ వ్యాసంలో చెరుకు వంశం గురించి ఒక మాట ఉంది. ఇప్పుడు ప్రపంచంలో పండించే చెరుకు ఒకే జాతి కాదు. లావుగా, తియ్యగా, మెత్తగా ఉండే చెరుకు ఒక పక్క. సన్నగా, మొండిగా, తీపి లేకుండా ఏటి ఒడ్డున పెరిగే ఒక అడవి గడ్డి ఇంకొక పక్క. ఈ రెంటినీ కలిపి వందేళ్ళ కింద జావాలోనూ, మన కోయంబత్తూరులోనూ పుట్టించారు. తీపి ఒకరిది, రోగానికి, కరువుకు తట్టుకునే బలం ఇంకొకరిది. ఆ గడ్డికి లాటిన్ పేరు ఏదో ఉంది. పిల్లలకు తెలుగులో ఏమని చెప్పాలా అని మొక్కల నిఘంటువు తీసి చూశాను. రెల్లు.

చదువరులారా, రెల్లు అన్న మాట నాకు 45 ఏళ్ళుగా తెలుసు. గుడి తరగతిలో పలక మీద 'ర'కు ఎత్వం, 'ల'కు 'ల' వత్తు నేర్చుకున్నప్పుడు రాసిన మాట అది. మా పంతులుగారు రెల్లు పాక అంటే గడ్డి ఇల్లు అని చెప్పి ముందుకు పోయారు. అది ఎలాంటి గడ్డో మేము అడగలేదు. గోదావరి లంకల్లో శరత్కాలంలో తెల్లగా పూస్తుందట. మా అవ్వ తమ ఊళ్ళో ఇల్లు రెల్లుతో కప్పేవాళ్ళని చెప్పేది. మన పెద్దలు ఇంటి కప్పు మీద వదిలి వచ్చిన గడ్డి, వాళ్ళ పిల్లలు పండించే చెరుకు లోపల దూరి సముద్రం దాటి వచ్చిందని నాకు ఈ వయసులో తెలిసింది.

ఇది కవిత్వం కోసం చెప్పడం లేదు, లెక్క ఉంది. కోయంబత్తూరులో చెరుకు పరిశోధన కేంద్రం 1912లో మొదలైంది. అక్కడ చెరుకుకు రెల్లు కలిపి చేసిన మొదటి రకం, కో 205, 1918లో రైతులకు వెళ్ళింది. (కో అంటే కోయంబత్తూరే.) మన నాటాల్‌లో అప్పుడు ఉన్నది ఊబా అనే చెరుకు. సన్నగా, కర్రలా గట్టిగా ఉండేది. మా తాత దాన్ని తలుచుకుంటే అరచెయ్యి చూపించేవాడు. తెగుళ్ళు వచ్చి ఊబా పడిపోతుంటే కోయంబత్తూరు రకాలు తెచ్చి వేశారు. ఇక్కడే కొత్త రకాలు పుట్టించుకుందామంటే ఒక చిక్కు ఉంది. నాటాల్ చలికి చెరుకు పువ్వులో పుప్పొడి సరిగ్గా పండదు. అందుకని పెళ్ళి అక్కడ చేసి, నూగులాంటి ఆ విత్తనాన్ని ఇక్కడికి తెప్పించి, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ పరిశోధన కేంద్రంలో మొలిపించి ఏరుకున్నారు. అలా వచ్చినవే ఎన్‌కో 310, ఎన్‌కో 376. మొదటిది 1945లో, రెండవది 1955లో రైతుల చేతికి వచ్చాయి. రెండింటికీ తల్లిదండ్రులు ఒకరే, కో 421, కో 312. అంటే అవి అక్కాచెల్లెళ్ళు.

ఎన్ అంటే నాటాల్, కో అంటే కోయంబత్తూరు. విత్తనం దక్షిణ భారతంలో కట్టింది, మొలిచింది నాటాల్ మట్టిలో. ఎన్‌కో 310 ఇక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాకు, లూసియానాకు, తైవాన్‌కు, ఒకినావాకు వెళ్ళి అక్కడ పొలాలు నింపింది. తరువాత కాటుక తెగులుకు తట్టుకోలేక తగ్గిపోయింది. ఎన్‌కో 376 మాత్రం మన రాష్ట్రంలో దశాబ్దాలు ఏలింది. మా నాయన జీవితమంతా వేసింది అదే. మిల్లు చీటీల మీద ఆ అంకె ఉండేది, మేము దాన్ని ఏదో సరుకు నంబరు అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఇక్కడే పుట్టించే రకాలకు ఎన్ 12, ఎన్ 19 అని పేర్లు పెడుతున్నారు, 'కో' పడిపోయింది. మనలో చాలామంది ఇంటిపేర్లు ఓడ కాగితాల్లోనే పడిపోయాయి కదా. సరే, అది వేరే నెల సంగతి.

కోయంబత్తూరు మాట వచ్చింది కాబట్టి ఒకరి పేరు చెప్పకుండా పోలేను. జానకి అమ్మాళ్. తలచ్చేరిలో పుట్టిన ఈమె 1930లలో ఆ కేంద్రంలో చెరుకు క్రోమోజోములను లెక్కపెట్టారు. చెరుకును మొక్కజొన్నతో, వెదురుతో కూడా కలిపి చూశారు. ఆడపిల్లలకు సైన్సు ఎందుకని ఎవరైనా అంటే ఈమె పేరు చెప్పండి.

ఇక కరెంటు సంగతి. మా తమ్ముడి ప్రశ్నకు దగ్గరది ఇదే.

చెరుకు మొక్క ఎండలో నుంచి పట్టుకున్న శక్తిని మూడు వంతులు చేయండి. సుమారు ఒక వంతు రసంలో ఉంటుంది, ఒక వంతు పిప్పిలో, ఒక వంతు ఆకుల్లో, కొసల్లో. వందేళ్ళకు పైగా మనం అమ్ముకున్నది మొదటి వంతు. రెండవది మిల్లు బాయిలర్లోకి పోతుంది. మూడవదాన్ని పొలంలోనే తగలబెడతాం. జూలైలో మన ఇళ్ళ మీద, ఆరేసిన చీరల మీద రాలే నల్ల బూడిద అదే.

ఒక టన్ను చెరుకు ఆడిస్తే 300 కిలోలకు కొంచెం తక్కువగా తడి పిప్పి మిగులుతుంది. పాత మిల్లుల్లో బాయిలర్లను కావాలనే తక్కువ పనితనంతో నడిపేవాళ్ళు, పిప్పి కుప్పలు పడకుండా కాలిపోవాలని. అది చెత్త అని వాళ్ళ లెక్క. మారిషస్ వాళ్ళు లెక్క మార్చారు. ఎక్కువ ఒత్తిడి బాయిలర్లు పెట్టి, మిగిలిన ఆవిరితో కరెంటు తీసి దేశానికి అమ్ముతున్నారు. ఆ దీవి కరెంటులో పదో వంతు, అటూ ఇటూగా, పిప్పి నుంచి వస్తుంది. మెచ్చుకోవలసిందే. అయితే చెరుకు ఆడని నెలల్లో ఆ బాయిలర్లలోనే బొగ్గు పోస్తారని కూడా చెప్పాలి. పచ్చ కరెంటు అని బోర్డు కట్టినచోట లోపల ఏం కాలుతోందో అడగడం మా టీచర్ల జబ్బు.

మన దేశంలో కరెంటులో నూటికి 80 పైన బొగ్గుదే. 2023లో దాదాపు ఏడాదంతా లోడ్ షెడ్డింగ్‌తో కూర్చున్నాం. నా మెట్రిక్ పిల్లలు కొవ్వొత్తి పెట్టుకుని చదివారు. అదే సమయంలో పది మైళ్ళ దూరంలో పొలాల్లో రాత్రంతా మంటలు. మన మిల్లులు చాలావరకు తమ అవసరానికి తాము కరెంటు చేసుకుంటాయి, బయటికి ఇచ్చేది తక్కువ. కొత్త బాయిలర్లకు పెద్ద పెట్టుబడి కావాలి, కొనేవాళ్ళు మంచి ధర చాలా ఏళ్ళకు ఒప్పుకోవాలి. ఆ రెండూ కుదరలేదు. పిప్పి నుంచి ఇంధనం తీయడం మీద స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో మంచి పని జరుగుతోంది. కానీ ప్రయోగశాలలో అయినది మా తమ్ముడి బ్యాంకు పుస్తకంలోకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నేను మాట ఇవ్వలేను. 2022 అక్టోబరులో మనవైపు పెద్ద కంపెనీ బిజినెస్ రెస్క్యూలోకి పోయినప్పటి నుంచి రైతుకు రేపటి మిల్లు మీదే నమ్మకం లేదు.

అయితే ఆ మూడో వంతు, ఆకుల వంతు, మన చేతిలోనే ఉంది. దాని గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కాలం పరీక్ష చేసినది మన మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లోనే. 1939లో కొన్ని మడులు గీశారు. కొన్నింటిలో చెరుకు తగలబెట్టి కొడతారు, కొన్నింటిలో తగలబెట్టకుండా కొట్టి ఆకు నేల మీదే పరుస్తారు. అప్పటి నుంచి తరం తరువాత తరం అదే మడుల్లో అదే పని. ఆకు పరిచిన నేలలో పై పొర నల్లగా, జీవంతో ఉంది. మట్టిలో సూక్ష్మజీవులు ఎక్కువ, తడి ఎక్కువసేపు నిలుస్తుంది, వాన తక్కువ పడిన ఏడు తేడా బాగా తెలుస్తుంది.

ఇందులోనూ మెలికలు ఉన్నాయి. ఆకునంతా బాయిలర్‌కు పంపితే నేలకు ఏమీ మిగలదు. అంతా నేలకు ఇస్తే కరెంటుకు లేదు. చలి ఎక్కువగా ఉండే ఎత్తు ప్రాంతాల్లో ఆకు కప్పితే పిలకలు ఆలస్యంగా లేస్తాయి. అన్నిటికంటే పెద్దది, చెరుకు కొట్టేవాడి సంగతి. పచ్చి చెరుకు కొట్టడం కష్టం. ఆకు చేతులు కోస్తుంది, పాము కనిపించదు, రోజుకు తక్కువ టన్నులు పడతాయి. టన్ను లెక్కన కూలి ఇస్తే అతని ఇంట్లో అన్నం తగ్గుతుంది. మన పెద్దలు కొట్టిన పని అది, ఇప్పుడు మనం కొట్టించే పని. మట్టి మంచిదవుతుందని నేను ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని రాయడం తేలిక. ఆ తక్కువైన కూలి ఎవరు ఇస్తారో చెప్పకుండా రాస్తే అది సగం మాటే.

ఇదంతా మా తమ్ముడికి చెప్పాను. జానకి అమ్మాళ్ దగ్గర నుంచి తుంగచాప దాకా ఓపికగా విన్నాడు. విని, "అక్కా, గుహ చూసి బ్యాంకు అప్పు మాఫీ చేస్తుందా?" అన్నాడు. నిజమే. వాడి కొడుకు కేప్ టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, పొలానికి రాడు. నాకు పిల్లలు లేరు. అమ్మొద్దని చెప్పే హక్కు నాకు ఎంత ఉందో నాకే తెలియదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. అమ్మే మాట ఒక ఏడాది పక్కన పెట్టాడు. నది వైపు ఉన్న ఒక హెక్టారు ఈ సీజనులో తగలబెట్టడు. ఆకు సగం పరుస్తాడు, సగం వరుసల మధ్య కుప్ప వేస్తాడు. ఆ ముక్క కొట్టేవాళ్ళకు టన్ను లెక్క కాకుండా రోజు కూలి ఇస్తాం, తేడా నా జీతంలో నుంచి. తూకం చీటీలు రెండు వైపులవీ విడివిడిగా దాస్తాడు. నా 11వ తరగతి పిల్లలు మూడు నెలలకు ఒకసారి వచ్చి రెండు చోట్లా మట్టి తీసి తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూస్తారు. పరిశోధన అనేంత పెద్ద మాట కాదు. అంకెలు వచ్చాక, మంచివైనా చెడ్డవైనా, ఈ శీర్షికలో రాస్తాను.

మీ దగ్గర ఒక చిన్న సాయం కావాలి. మీ ఇంట్లో, తాతల పెట్టెల్లో, పాత మిల్లు చీటీలు ఉంటే పారేయకండి. వాటి మీద ఊబా, కో 281, కో 301, ఎన్‌కో 310 అని ఏ రకం పేరు ఉన్నా, ఏ ఏడాదిదో, ఏ పొలందో రాసుకుని గుడి తరగతికి తీసుకురండి. ఫోటో తీసుకుని మీ చీటీ మీకు ఇచ్చేస్తాం. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా నేను అక్కడే ఉంటాను.